ఫాల్ట్ వచ్చింది సరే, ఏ కారణంతో వచ్చింది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. వర్చువల్ మెషీన్లలో (అసలు కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేర్ నడిపే కంప్యూటర్లలో) మెమరీ రక్షణ సరిగా ఉందో లేదో పరీక్షించే టెస్ట్ కోడును ఎలా చదవాలి, ఎక్కడ అనుమానించాలి అన్నదే ఆ విషయం. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నమస్కారం. మెమరీ ప్రొటెక్షన్ కీలను వర్చువల్ మెషీన్ లోపల పరీక్షించే ఒక ప్యాచ్‌ను రివ్యూ చేయమని మా ఆఫీసులో నాకు అప్పగించారు. నాకు సీ భాష బాగానే వచ్చు, అసెంబ్లీ అంతంతమాత్రం. ప్యాచ్ దాదాపు 200 లైన్లు. ఒక పేజీకి కీ 1 ఇచ్చి, ఆ కీకి రాసే అనుమతి తీసేసి, ఆ పేజీలో ఒక అంకె రాయడానికి ప్రయత్నిస్తారు. ప్రాసెసర్ ఆ రాతకు అభ్యంతరం చెప్పినప్పుడు, అంటే పేజ్ ఫాల్ట్ వచ్చినప్పుడు, నడిచే హ్యాండ్లర్ ఒక కౌంటరును పెంచి, రిటర్న్ అడ్రసుకు 6 కలిపి, ఆ ఇన్‌స్ట్రక్షన్‌ను దాటిస్తుంది. చివరికి కౌంటర్ 1 అయితే పాస్. టెస్టు పాసవుతోంది. రాసినవారు మా టీమ్ లీడ్. “పాసయింది కదమ్మా, ఇంకేం చూస్తావు?” అంటున్నారు. నిజంగానే ఇంకా చూడవలసింది ఉందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చాలా ఉంది. వానకు ఉబ్బి బిగుసుకుపోయిన తలుపును ఒకసారి తోసి, తెరుచుకోలేదు కాబట్టి తాళం భేషుగ్గా ఉందని తేల్చేసినట్టుగా ఉంది ఈ టెస్టు. తలుపు తెరుచుకోకపోవడానికి తాళం ఒక్కటే కారణం కానట్టే, పేజ్ ఫాల్ట్ రావడానికి ప్రొటెక్షన్ కీ ఒక్కటే కారణం కాదు. మీ లీడ్ గారి కోడు ఫాల్ట్ వచ్చిందని మాత్రమే చెబుతోంది, కీ వల్లే వచ్చిందని చెప్పడం లేదు.

ముందుగా ఈ కోడు ఎక్కడ నడుస్తుందో గుర్తుంచుకోండి. లినక్స్‌లో వర్చువల్ మెషీన్లను నడిపే కేవీఎం 2007 ఫిబ్రవరిలో లినక్స్ 2.6.20తో పాటు కెర్నల్‌లోకి వచ్చింది. దాన్ని పరీక్షించే కేవీఎం యూనిట్ టెస్టుల్లో ప్రతి టెస్టూ తనంతట తానే ఒక చిన్న కెర్నల్. వర్చువల్ మెషీన్‌ను సిద్ధం చేసే క్యూఎము ప్రోగ్రాము దాన్ని నేరుగా బూట్ చేస్తుంది. పేజీ టేబుళ్లు (ఏ అడ్రసు ఏ మెమరీ పేజీదో, దానికి ఏ అనుమతులున్నాయో చెప్పే పట్టికలు), ఇంటరప్ట్ టేబుల్, స్టాక్ అన్నీ టెస్టే ఏర్పాటు చేసుకోవాలి. కింద ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు. కాబట్టి మామూలు ప్రోగ్రాములో సెగ్మెంటేషన్ ఫాల్ట్ రూపంలో బయటపడే పొరపాటు ఇక్కడ చప్పుడు లేకుండా ‘పాస్’ అన్న మాటగా మారిపోవచ్చు. రివ్యూ చేసేవారి కన్ను తప్ప మరో కాపలా లేదు.

ఇక కీ సంగతి. పేజీ టేబుల్ ఎంట్రీలో 59 నుంచి 62 వరకు ఉన్న నాలుగు బిట్లు ఆ పేజీ కీ ఏదో చెబుతాయి, అంటే మొత్తం 16 కీలు. పీకేఆర్‌యూ అనే 32 బిట్ల రిజిస్టరులో ఒక్కో కీకి రెండేసి బిట్లు ఉంటాయి. మొదటిది 1 అయితే చదవడమూ రాయడమూ రెండూ బంద్, రెండోది 1 అయితే రాయడం మాత్రమే బంద్. కీ 1కి రాయడం ఆపాలంటే పీకేఆర్‌యూ విలువ 8 కావాలి. ప్యాచ్‌లో ఆ స్థానంలో 2 కనిపిస్తే అది కీ 0కి చెందిన బిట్. మామూలుగా పేజీలన్నీ కీ 0తోనే ఉంటాయి కనుక, టెస్టు తన స్టాకుకూ గ్లోబల్ వేరియబుళ్లకూ తానే గండి కొట్టుకున్నట్టవుతుంది. ఈ రకమైన తప్పు మరీ ప్రమాదకరం కాదు, వెంటనే కుప్పకూలి బయటపడుతుంది. బయటపడనివే అసలు సమస్య.

ఫాల్ట్ వచ్చినప్పుడు ప్రాసెసర్ స్టాకు మీద ఒక ఎర్రర్ కోడు పెడుతుంది. బిట్ 0 పేజీ ఉందా లేదా అన్నది, బిట్ 1 రాయబోయారా అన్నది, బిట్ 2 యూజర్ మోడా అన్నది, బిట్ 3 రిజర్వ్డ్ బిట్ల తప్పు, బిట్ 4 ఇన్‌స్ట్రక్షన్ తేబోయినప్పుడు వచ్చిందా అన్నది, బిట్ 5 ప్రొటెక్షన్ కీ అన్నది చెబుతాయి. మీ టెస్టు కెర్నల్ మోడులోనే రాస్తోందనుకుంటే రావలసిన కోడు 1, 2, 32 కలిపి 35. యూజర్ మోడు నుంచి రాస్తే మరో 4 కలిసి 39. హ్యాండ్లర్ ఈ సంఖ్యను దాచి, చివరలో అచ్చంగా 35తో పోల్చాలి. 2 వస్తే పేజీయే మ్యాప్ కాలేదు, 3 వస్తే ఎంట్రీలో రాసే అనుమతి బిట్ పెట్టడం మరిచారు. ప్రస్తుత టెస్టుకు ఈ రెండూ పాసే. ఫాల్ట్ అడ్రసు సీఆర్2 రిజిస్టరులో ఉంటుంది, అది ఉద్దేశించిన అడ్రసేనా అన్నదీ పోల్చాలి.

ఇక్కడ చాలామంది పొరబడే సూక్ష్మం ఒకటుంది. కోడు 35 వచ్చినంత మాత్రాన కీ ఒక్కటే కారణమని తేలదు. కీ ఆ రాతను నిషేధిస్తోంది అన్న షరతు నిజమైతే చాలు, ప్రాసెసర్ బిట్ 5 పెడుతుంది. అదే సమయంలో ఎంట్రీలో రాసే అనుమతి కూడా లేకపోయినా కోడు అదే 35. అందుకని జంట పరీక్ష కావాలి. అదే పేజీ, అదే ఎంట్రీ, అదే ఇన్‌స్ట్రక్షన్. ముందు పీకేఆర్‌యూ 0గా ఉంచి రాస్తే ఫాల్ట్ లేకుండా రాత పూర్తవాలి, తరువాత పీకేఆర్‌యూ 8గా మార్చి రాస్తే ఫాల్ట్ రావాలి. రెంటికీ నడుమ మారింది ఆ ఒక్క రిజిస్టరే అయినప్పుడు మాత్రమే నేరం కీ మీద మోపగలం.

ఇంకో షరతును ప్యాచ్ ఎక్కడా ప్రస్తావించలేదేమో చూడండి. కెర్నల్ మోడు నుంచి రాసేటప్పుడు రాత నిషేధ బిట్‌కు విలువ ఉండేది సీఆర్0 అనే కంట్రోల్ రిజిస్టరులోని 16వ బిట్, అంటే రైట్ ప్రొటెక్ట్ బిట్, 1గా ఉన్నప్పుడే. అది 0 అయితే కీ నిషేధించినా కెర్నల్ నిక్షేపంగా రాసేస్తుంది, అలా రాయగలగడమే సరైన ప్రవర్తన. టెస్టు ఆ బిట్‌ను తానే పెట్టుకోవాలి, బూట్ కోడు పెట్టి ఉంటుందిలే అని వదిలేయకూడదు. నిజానికి మంచి టెస్టు దాన్ని 1గానూ 0గానూ ఉంచి రెండు ఫలితాలనూ చూస్తుంది. అలాగే ఈ కీలు వర్తించేది యూజర్ బిట్ ఉన్న పేజీలకే. ఎంట్రీలో ఆ బిట్ లేకపోతే పీకేఆర్‌యూలో ఏం రాసినా కెర్నల్‌కు పట్టదు.

ఇప్పుడు ఆ 6 సంగతి. ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే. రాక్స్ రిజిస్టరులో ఉన్న అడ్రసుకు 32 బిట్ల స్థిర సంఖ్య రాసే మూవ్ ఇన్‌స్ట్రక్షన్ పొడవు 6 బైట్లు. కంపైలర్ రాక్స్‌కు బదులు ఆర్8 ఎంచుకుంటే ముందు ఒక ప్రిఫిక్స్ బైటు చేరి 7 అవుతుంది. అప్పుడు హ్యాండ్లర్ నుంచి తిరిగివచ్చేది ఇన్‌స్ట్రక్షన్ చివరి బైటు మీదికి. రాసే సంఖ్య చిన్నదైతే ఆ బైటు 0. ప్రాసెసర్ దాన్ని దాని తరువాతి బైటుతో కలిపి ఒక కూడిక ఇన్‌స్ట్రక్షన్‌గా చదివి, ఏదో ఒక చోట మెమరీని మార్చేసి ముందుకు పోతుంది. కౌంటర్ మాత్రం చక్కగా 1. కంపైలర్ వెర్షన్ మారిన రోజున ఈ టెస్టు ఏం పరీక్షిస్తుందో దాన్ని రాసినవారికి కూడా తెలియదు. ఇన్‌స్ట్రక్షన్‌ను అసెంబ్లీలోనే రాసి, దాని తరువాత ఒక లేబుల్ పెట్టి, హ్యాండ్లర్ ఆ లేబుల్‌కే పంపేట్టు చేయమనండి. ముందు కూడా ఒక లేబుల్ పెడితే, ఫాల్ట్ వచ్చింది సరిగ్గా ఆ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరేనా అన్నదీ పోల్చుకోవచ్చు.

కంపైలర్ ఊసు వచ్చింది కాబట్టి మరొకటి. పీకేఆర్‌యూ మార్చే ఇన్‌లైన్ అసెంబ్లీకి మెమరీ క్లాబర్ (ఇక్కడ మెమరీ మారవచ్చని కంపైలర్‌కు ఇచ్చే సూచన) లేకపోతే, సీలో మామూలుగా రాసిన కేటాయింపును కంపైలర్ ఆ మార్పుకు ముందుకు జరపవచ్చు, అవసరం లేదనిపిస్తే పూర్తిగా ఎత్తేయవచ్చు. హ్యాండ్లర్ పెంచే కౌంటర్ వోలటైల్ (ప్రతిసారీ మెమరీ నుంచే చదవాలన్న గుర్తు ఉన్నది) కాకపోతే పాత విలువనే రిజిస్టరులో పట్టుకొని కూర్చోవచ్చు. జనరేట్ అయిన కోడును డిసాసెంబుల్ చేసి ఆ పది లైన్లు కళ్లారా చూడండి. అసెంబ్లీ అంతంతమాత్రమన్నారు, ఈ పనికి మూవ్, కాల్, రిటర్న్ గుర్తుపట్టగలిగితే చాలు.

ఫాల్ట్ వచ్చిన క్షణంలో మెమరీలో పాత విలువే ఉందా అన్నది హ్యాండ్లర్‌లోనే చదివి దాచాలి, కెర్నల్ మోడు రాత నిషేధం చదవడాన్ని ఆపదు కనుక అది సాధ్యమే. ఫాల్ట్ ఇచ్చి కూడా రాతను జరగనిచ్చే ఎమ్యులేటర్ (ప్రాసెసర్‌కు బదులు ఇన్‌స్ట్రక్షన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటే దాన్ని పట్టేది ఈ ఒక్క పోలికే.

టీఎల్‌బీ (పేజీ టేబుల్ ఎంట్రీలను ప్రాసెసర్ తన దగ్గర దాచుకునే చిన్న నిల్వ) విషయంలో ప్యాచ్ అతి జాగ్రత్త పడిందేమో కూడా చూడండి. పేజీ టేబుల్ ఎంట్రీని మార్చి అనుమతి తగ్గిస్తే ఆ అడ్రసును టీఎల్‌బీ నుంచి తుడవాలి, లేకపోతే పాత అనుమతితోనే రాత జరిగిపోవచ్చు. పీకేఆర్‌యూ మార్పుకు మాత్రం తుడవడం అక్కరలేదు, ఎందుకంటే ఆ సౌకర్యం పుట్టిందే దానికోసం. అక్కడ కూడా జాగ్రత్త కోసమని తుడిచే ఇన్‌స్ట్రక్షన్ పెడితే, తుడవకుండానే కొత్త నిషేధం అమలవుతుందా అన్న అసలు ప్రశ్నను టెస్టే చెరిపేస్తుంది. ముందు ఒకసారి ఆ పేజీని తాకి టీఎల్‌బీలో ఎంట్రీ పడేట్టు చేసి, తరువాత పీకేఆర్‌యూ మార్చి, వెంటనే రాయాలి.

మీ లీడ్ గారితో వాదన పెట్టుకోవద్దు. ఆయన ప్యాచ్‌లోనే రెండు మార్పులు చేయండి: పీకేఆర్‌యూ రాసే లైనును తీసేయండి, పేజీ ఎంట్రీలో రాసే అనుమతి బిట్‌ను తుడిచేయండి. సీఆర్0లో రైట్ ప్రొటెక్ట్ బిట్ 1గా ఉంటే రాత ఫాల్ట్ అవుతుంది, కౌంటర్ 1 అవుతుంది, 6 బైట్లు దాటి టెస్టు పాసవుతుంది. ప్రొటెక్షన్ కీల ఊసే లేకుండా ప్రొటెక్షన్ కీల టెస్టు పాసయిన ఆ అవుట్‌పుట్‌ను మీ రివ్యూ వ్యాఖ్యలో అతికించి, “సర్, ఇది కూడా పాసవుతోంది, ఒకసారి చూస్తారా” అని రాయండి.

ప్రశ్న: వర్చువల్ మెషీన్ లోపల పేజ్ ఫాల్ట్ వస్తే అది హోస్టుకు, అంటే దాన్ని నడిపే అసలు యంత్రానికి, తెలుస్తుందా? తెలియకపోతే కేవీఎంను పరీక్షించడానికి గెస్టులో, అంటే ఆ వర్చువల్ మెషీన్‌లో, ఫాల్టులు పుట్టించడం ఎందుకు? ప్రాసెసర్‌నే పరీక్షించినట్టు కదా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: మీ సందేహంలో సగం న్యాయం ఉంది. ఇంటెల్‌లో ఎక్స్‌టెండెడ్ పేజ్ టేబుళ్లు (ఈపీటీ), ఏఎండీలో నెస్టెడ్ పేజింగ్ వాడుతున్నప్పుడు గెస్టు తన పేజీ టేబుళ్లను తానే చూసుకుంటుంది, అనుమతుల తనిఖీ ప్రాసెసరే చేస్తుంది, ఫాల్ట్ నేరుగా గెస్టు హ్యాండ్లర్‌కే పోతుంది, మామూలుగా హోస్టుకు దాని కబురే ఉండదు. గెస్టు భౌతిక అడ్రసుకు హోస్టు వైపు మ్యాపింగ్ లేనప్పుడు వచ్చే ఈపీటీ వయొలేషన్ వేరు, అది హోస్టుకే వస్తుంది, గెస్టుకు తెలియదు.

అయినా కేవీఎం సొంతంగా అనుమతులు తేల్చవలసిన చోట్లు చాలానే మిగులుతాయి. ఒక పరికరానికి చెందిన అడ్రసును గెస్టు తాకితే ఆ ఇన్‌స్ట్రక్షన్‌ను కేవీఎంలోని ఎమ్యులేటరే నడుపుతుంది, అప్పుడు గెస్టు పేజీ టేబుళ్లను సాఫ్ట్‌వేర్‌లోనే నడిచి, యూజర్ బిట్, రాసే బిట్, కీ అన్నీ తానే చూడాలి. గెస్టు నుంచి బయటికి వచ్చినప్పుడు పీకేఆర్‌యూ విలువను భద్రపరచి మళ్లీ పెట్టాలి. ప్రాసెసర్ సౌకర్యాల వివరాలిచ్చే సీపీయూఐడీలో ఏ సౌకర్యం ఉందని గెస్టుకు చెప్పాలో నిర్ణయించాలి. అందువల్ల మెమరీ రక్షణ టెస్టును రివ్యూ చేసేటప్పుడు నేను వేసే మొదటి ప్రశ్న “ఇది కేవీఎంలోని ఏ కోడును తాకుతుంది?” అన్నదే. కేవీఎం యూనిట్ టెస్టుల్లో దీనికొక చమత్కారమైన సాధనం ఉంది. ఒక చెల్లని ఇన్‌స్ట్రక్షన్, దాని వెనుకే కే, వీ, ఎం అనే మూడు అక్షరాల బైట్లు పెట్టి, ఆ తరువాత అసలు ఇన్‌స్ట్రక్షన్ రాస్తే, కేవీఎం మాడ్యూలులో తగిన పారామీటరు ఆన్ చేసి ఉన్నప్పుడు, ఆ ఇన్‌స్ట్రక్షన్‌ను ప్రాసెసర్‌కు వదలకుండా ఎమ్యులేటరే నడుపుతుంది. ఒకే పరీక్షను ఇలా రెండు దారుల్లోనూ నడిపి ఫలితం ఒకటేనని చూపిస్తే మీ సందేహంలోని రెండో సగం తీరిపోతుంది.

ప్రశ్న: మా టెస్టు లాప్‌టాప్‌లోనూ సర్వర్‌లోనూ ఎక్కడా ఫెయిల్ కాలేదు. అయినా ఒక సీనియర్ “అసలది నడుస్తోందా?” అని అడిగారు. నడవకుండా పాసవుతుందా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: అవుతుంది, ఆ సీనియర్ ఎప్పుడో చేతులు కాల్చుకొని ఉంటారు. నేనూ కాల్చుకున్నాను. కొన్నేళ్ల కిందట నేను ఆమోదించిన ఒక టెస్టు మొదట్లోనే సీపీయూఐడీలో ప్రొటెక్షన్ కీల బిట్ చూసి, లేకపోతే మర్యాదగా తప్పుకునేది. చూసింది మాత్రం 3వ బిట్‌ను కాదు, 4వ బిట్‌ను. ఏడవ లీఫ్‌లో ఈసీఎక్స్ రిజిస్టరులోని 3వ బిట్ ప్రాసెసర్‌కు ఆ సౌకర్యం ఉందని చెబుతుంది. 4వ బిట్ ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని ఆన్ చేసిందా అన్నది చెబుతుంది, అంటే సీఆర్4లోని 22వ బిట్‌కు అద్దం లాంటిది. టెస్టే ఆపరేటింగ్ సిస్టమ్ అయినప్పుడు, తాను ఆన్ చేయకముందే ఆన్ అయిందా అని అడిగితే జవాబు ఎప్పుడూ లేదనే వస్తుంది. నెలల తరబడి ఆ టెస్టు ప్రతి యంత్రం మీదా తప్పుకుంటూనే ఉంది, మేమేమో అంతా పచ్చగా ఉందని మురిసిపోతున్నాం.

తప్పుకోవడం తప్పు కాదు, అది ‘పాస్’ వేషంలో రావడమే తప్పు. అవుట్‌పుట్‌లో ‘స్కిప్’ అని స్పష్టంగా పడాలి, కనీసం ఒక యంత్రం మీదైనా స్కిప్ కాకుండా నడిచిన లాగ్‌ను ప్యాచ్‌తో పాటు జత చేయమని అడగాలి. క్యూఎముకు ప్రాసెసర్ మోడల్ చెప్పకుండా వదిలేస్తే అది ఎంచుకునే పాత సాధారణ మోడల్‌లో ఈ కీలు ఉండవు. హోస్టులో ఉన్నవన్నీ ఇమ్మని చెప్పే మోడల్‌ను టెస్టు కాన్ఫిగరేషన్‌లోనే రాయాలి. హోస్టులో ఉండటమూ ముఖ్యమే: ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్లలో ఇవి 2017 నాటి స్కైలేక్ తరంతో, ఏఎండీలో 2020 నాటి జెన్ 3తో వచ్చాయి. ఈపీటీ ఆపేసి నడిపితే కేవీఎం ఈ సౌకర్యాన్ని గెస్టుకు చూపించనే చూపించదు, అక్కడ స్కిప్ రావడమే న్యాయం.

ప్రశ్న: మా ప్రాజెక్టులో ఒక టెస్టు పేజీ ఎంట్రీ బిట్లు, కంట్రోల్ రిజిస్టర్ బిట్లు, చదవడం, రాయడం, అమలు చేయడం అన్నింటినీ సాధ్యమైన ప్రతి కలయికలోనూ నడుపుతుంది. చదవడానికి తలనొప్పి, నడపడానికి ఆలస్యం. ఒక్కో బిట్‌కు ఒక్కో చిన్న టెస్టుగా విడగొట్టమని రివ్యూలో రాయబోతున్నాను. సబబేనా?
– ఒక పాఠకుడు, పుణె

జవాబు: రాయకండి. చిన్న టెస్టులు అదనంగా రాయమనండి, కానీ ఆ పెద్దదాన్ని తీయమనకండి. హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే కేవీఎం లాంటి సాఫ్ట్‌వేర్) తప్పులు ఒక్కో బిట్ దగ్గర కాక రెండు మూడు బిట్లు కలిసే మలుపులోనే కాపురం ఉంటాయి. అందుకు కేవీఎం సొంత డాక్యుమెంటేషన్‌లోనే వివరించిన ఒక ఉదాహరణ చెబుతాను, కాస్త ఓపికగా చదవండి.

ఈపీటీ లేకుండా, లేదా దాన్ని పారామీటరుతో ఆపి నడిపినప్పుడు, గెస్టు పేజీ టేబుళ్లను ప్రాసెసర్ చూడదు. కేవీఎం వాటికి నీడగా తన సొంత పేజీ టేబుళ్లు తయారుచేసి ప్రాసెసర్‌కు అవే చూపిస్తుంది. గెస్టు తన సీఆర్0లో రైట్ ప్రొటెక్ట్ బిట్‌ను 0 చేసుకుందనుకోండి. అప్పుడు గెస్టు కెర్నల్ చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న యూజర్ పేజీలోనూ రాయగలగాలి, యూజర్ ప్రోగ్రాము మాత్రం చదవగలగాలి గాని రాయకూడదు. కేవీఎం గెస్టు పేజీ టేబుళ్ల మీద నిఘా కోసం వాటిని రాయరాని పేజీలుగా ఉంచుతుంది కనుక అసలు ప్రాసెసర్‌లో ఆ బిట్‌ను 1గానే అట్టేపెడుతుంది. బిట్ 1గా ఉన్నప్పుడు, కెర్నల్ రాయవచ్చు, యూజర్ చదవవచ్చు, రాయరాదు అనే మూడూ ఒకే ఎంట్రీలో చెప్పే వీలు పేజీ టేబుల్ ఫార్మాట్‌లోనే లేదు.

అందుకని కేవీఎం ఒక దొమ్మరి ఆట ఆడుతుంది. గెస్టు కెర్నల్ రాయబోయి ఫాల్ట్ అయితే నీడ ఎంట్రీలో యూజర్ బిట్ తీసేసి, రాసే అనుమతి ఇస్తుంది. యూజర్ ప్రోగ్రాము చదవబోయి ఫాల్ట్ అయితే యూజర్ బిట్ పెట్టి, రాసే అనుమతి తీసేస్తుంది. రెండు వైపులా సర్దుకుంటూ పోతుంది. ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు ఇందులోకి స్మెప్ వచ్చిందనుకోండి. కెర్నల్ మోడులో ఉన్నప్పుడు యూజర్ పేజీలోని కోడును అమలు చేయనివ్వని రక్షణ అది, 2012 నాటి ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్లతో వచ్చింది. గెస్టు దృష్టిలో ఆ పేజీ యూజర్‌దే, అమలు చేస్తే ఫాల్ట్ రావాలి. నీడ ఎంట్రీలో మాత్రం యూజర్ బిట్ ఇప్పుడే తీసేశారు, ప్రాసెసర్ కంటికి అది కెర్నల్ పేజీ, అమలు చేయనిస్తుంది. కంచే చేను మేసినట్టయింది. కేవీఎం ఈ చిక్కును తప్పించడానికి ఆ నీడ ఎంట్రీలో అమలు నిషేధ బిట్ కూడా పెడుతుంది. యూజర్ పేజీలను కెర్నల్ చదవకుండా, రాయకుండా ఆపే స్మాప్‌తోనూ ఇలాంటి ఇబ్బందే ఉంది. అలా మార్చిన నీడ పేజీని స్మాప్ ఆన్ అయిన తరువాత మళ్లీ వాడకుండా ఉండటానికి, ఆ స్థితిని నీడ పేజీ గుర్తింపులోనే కలిపి ఉంచుతుంది.

ఇప్పుడు ఈ జాగ్రత్త ఎవరైనా పొరపాటున తీసేస్తే దాన్ని పట్టుకునే టెస్టు ఎలా ఉండాలో ఆలోచించండి. రైట్ ప్రొటెక్ట్ 0, యూజర్ బిట్ 1, రాసే బిట్ 0, స్మెప్ 1 ఇవన్నీ కలవాలి. అంతేకాదు, ముందు కెర్నల్ మోడులో ఒకసారి రాయాలి, ఆ తరువాతే అదే పేజీని అమలు చేయబోవాలి. వరస తిరగేస్తే నీడ ఎంట్రీలో యూజర్ బిట్ ఇంకా ఉంటుంది, సరైన ఫాల్టే వస్తుంది, తప్పు దాక్కుంటుంది. స్మెప్‌కు విడిగా రాసిన చిన్న టెస్టు పాసవుతుంది, రైట్ ప్రొటెక్ట్‌కు విడిగా రాసినదీ పాసవుతుంది. మీరు విడగొట్టమనబోయేది సరిగ్గా ఈ రెంటినీ కలిపి ఉంచిన ముడినే.

అయితే ఆ పెద్ద టెస్టులో రివ్యూ చేయవలసిన చోట్లు రెండున్నాయి. మొదటిది, ఏ కలయికలను చెల్లనివిగా వదిలేస్తున్నారో నిర్ణయించే ఫంక్షన్. 20 బిట్లుంటే కలయికలు 10 లక్షలు దాటుతాయి కాబట్టి ఏదో ఒక జల్లెడ తప్పదు, ఆ జల్లెడలో ఒక అదనపు షరతు చేరితే వేల పరీక్షలు చప్పుడు లేకుండా రాలిపోతాయి. షరతు పక్కన కారణం రాసి లేకపోతే అడగండి, ప్యాచ్‌కు ముందూ తరువాతా నడిచిన కలయికల సంఖ్యను కూడా అడగండి. రెండోది, ఏ ఫలితం రావాలో లెక్కగట్టే కోడు. అది ఇంటెల్ మాన్యువల్ మూడో సంపుటంలోని పేజింగ్ నియమాల నుంచి పుట్టాలి. కేవీఎం కోడులోని లెక్కనే చూసి రాసి ఉంటే, రెండు చోట్లా ఒకే తప్పు ఉండి రెండూ ఒకదానినొకటి మెచ్చుకుంటూ ఉంటాయి. రివ్యూ చేసేటప్పుడు కేవీఎం సోర్సును మూసేసి, మాన్యువల్‌ను తెరిచి పెట్టుకొని, ఒక్కో షరతుకు పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టడం నా అలవాటు. పాత పద్ధతే, కానీ ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు.

ప్రశ్న: స్మెప్ టెస్టు ఒకటి సొంతంగా రాస్తున్నాను. సీఆర్4లో 20వ బిట్ పెట్టిన మరుక్షణం వర్చువల్ మెషీన్ మళ్లీ మొదటినుంచి బూట్ అవుతోంది. నా హ్యాండ్లర్‌లో పెట్టిన ప్రింట్ కూడా రావడం లేదు. కేవీఎంలో బగ్ అనుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అప్పుడే అనుకోకండి. మీ పేజీ టేబుళ్లలో కోడు ఉన్న పేజీలకు యూజర్ బిట్ ఉందేమో చూడండి. కేవీఎం యూనిట్ టెస్టుల బూట్ కోడు సౌలభ్యం కోసం పేజీలన్నింటికీ ఆ బిట్ పెట్టే మొదలవుతుంది, మీరూ అక్కడి నుంచే తెచ్చుకొని ఉంటారు. సీఆర్4 రాసిన వెంటనే తరువాతి ఇన్‌స్ట్రక్షన్ తేబోతే అది యూజర్ పేజీలో ఉంది కాబట్టి స్మెప్ దాన్ని ఆపి పేజ్ ఫాల్ట్ ఇస్తుంది. హ్యాండ్లర్ కూడా యూజర్ పేజీలోనే ఉంది, దాని మొదటి ఇన్‌స్ట్రక్షన్‌కూ అదే గతి, మళ్లీ పేజ్ ఫాల్ట్, ఇలా ఒకదాని మీద ఒకటి స్టాకులో పేరుకుంటూ పోతాయి. చివరికి స్టాకు చాలక ఫాల్ట్‌ను హ్యాండ్లర్‌కు అందించడమే కుదరనప్పుడు డబుల్ ఫాల్ట్, దాన్నీ అందించలేకపోతే ట్రిపుల్ ఫాల్ట్, దాంతో మెషీన్ రీసెట్. ప్రాసెసర్ మీరు చెప్పిన పనే శ్రద్ధగా చేసింది.

ఆన్ చేసేటప్పుడు ముందు కోడు పేజీలన్నింటి నుంచి యూజర్ బిట్ తీసేసి, టీఎల్‌బీ తుడిచి, ఆ తరువాత సీఆర్4 రాయండి. ఆఫ్ చేసేటప్పుడు వరస తిరగబడాలి, ముందు సీఆర్4, ఆ తరువాతే యూజర్ బిట్లు. రెండు వైపులా ఒకే ఫంక్షన్‌ను ఒకే వరసలో పిలిచే కోడు మీ దగ్గర ఉంటే, ఆఫ్ చేసే దారిలో ఇదే ట్రిపుల్ ఫాల్ట్ మళ్లీ ఎదురవుతుంది. పరీక్షించబోయే ఒక్క పేజీకి మాత్రం యూజర్ బిట్ ఉంచాలి. అది 2 మెగాబైట్ల పెద్ద పేజీలో మీ కోడుతో కలిసి ఉంటే రెంటికీ ఒకే బిట్ అవుతుంది, కాబట్టి దానికి వేరే మ్యాపింగ్ ఇవ్వండి. సరిచూసుకోవడానికి క్యూఎమును రీబూట్ కాకుండా ఆగిపొమ్మని చెప్పే ఆప్షన్‌తో నడిపి, హోస్టులో కేవీఎం ఎగ్జిట్ ట్రేసును చూడండి. ఇంటెల్ యంత్రమైతే చివరి ఎగ్జిట్ కారణం 2, అంటే ట్రిపుల్ ఫాల్ట్ అని ఉంటుంది, దాని పక్కనున్న అడ్రసు మీ పేజ్ ఫాల్ట్ హ్యాండ్లర్ మొదటి ఇన్‌స్ట్రక్షన్ అడ్రసేనా అన్నది మీ డిసాసెంబ్లీతో పోల్చుకోండి.